సంతుబోంగ్: కొండా కడలీ కలిసే చోట

భూమిపై సంచరించమని, గతించిన జాతుల జాడలను, సృష్టి ఆరంభమైన తీరును పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ మానవుణ్ణి పలుమార్లు పురికొల్పుతుంది. విశ్వాసికి యాత్ర కేవలం కాలక్షేపం కాదు. చూసిన ప్రతి దృశ్యమూ చూసినవాడిపై ఎంతో కొంత బాధ్యతను మోపుతుంది. సెలవులు రాగానే పిల్లలను వెంటబెట్టుకొని ఎక్కడికి వెళ్లాలా అని ఆలోచించే మన కుటుంబాలకు ఈ సత్యాన్ని కళ్లకు కట్టే ప్రదేశం ఒకటుంది. అది బోర్నియో ద్వీపంలోని సంతుబోంగ్ ద్వీపకల్పం.

ప్రపంచంలోని ద్వీపాలలో బోర్నియో మూడవ అతి పెద్దది. మలేషియా, ఇండోనేషియా, బ్రూనై దేశాలు దానిని పంచుకున్నాయి. మలేషియాకు చెందిన సరవాక్ రాష్ట్రపు రాజధాని కూచింగ్ నగరం. అక్కడి నుండి ఉత్తరంగా సుమారు 35 కిలోమీటర్లు వెళితే, దక్షిణ చైనా సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఈ ద్వీపకల్పం వస్తుంది. నడుమ 810 మీటర్ల ఎత్తున సంతుబోంగ్ పర్వతం నిలిచి ఉంటుంది. దాని ఒంటినిండా వర్షారణ్యం. ఒకవైపు ఇసుక తీరాలు, మరొకవైపు నదీముఖాల వద్ద మడ అడవులు, వాటి అంచున మలయ్ ముస్లిం మత్స్యకారుల పల్లెలు. కొండను, అడవిని, బురదనేలను, సముద్రాన్ని ఒక్క పగటిలోనే చూడగలిగే చోట్లు లోకంలో అరుదు.

ప్రయాణం, వాతావరణం

మన ప్రాంతం నుండి వెళ్లేవారు ముందుగా కౌలాలంపూర్ చేరి, అక్కడి నుండి మరో విమానంలో సుమారు పావు తక్కువ రెండు గంటలు ప్రయాణించి కూచింగ్‌లో దిగుతారు. దేశం ఒకటే అయినా సరవాక్‌కు ప్రవేశ నియంత్రణలో ప్రత్యేకాధికారం ఉంది. అందుచేత కూచింగ్ విమానాశ్రయంలో పాస్‌పోర్టును మళ్లీ చూపవలసి ఉంటుంది. అక్కడి గడియారం మన దేశపు గడియారం కంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది.

కూచింగ్‌లో ఏటా దాదాపు 4,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. హైదరాబాదులో కురిసేది అందులో ఇంచుమించు ఐదవ వంతు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈశాన్య రుతుపవనాల ఉధృతి ఎక్కువ. అప్పుడు సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవ ప్రయాణాలు తరచుగా ఆగిపోతాయి. చిన్నపిల్లలతో, పెద్దవారితో వెళ్లేవారికి ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు గల కాలమే అనుకూలం.

సంతుబోంగ్‌కు బయలుదేరే ముందు కూచింగ్ నగరంలో ఒక పూట ఆగడం మంచిది. సరవాక్ నది ఒడ్డున పాత బజారులో ఇండియా వీధి ఉంది. 19వ శతాబ్దంలో దక్షిణ భారతం నుండి సముద్రం దాటి వచ్చిన ముస్లిం వర్తకులు ఆ ప్రాంతంలో దుకాణాలతోపాటు ఒక మసీదును కూడా నిర్మించుకున్నారు. బట్టల మూటలతో, సుగంధ ద్రవ్యాలతో ఎక్కడో దిగిన మనుషులు తొలుత వెతుక్కున్నది సజ్దాకు కాసింత చోటు! నేడు నది నీటిపైనే నిలిచిన తేలే మసీదు కూడా ఆ పరిసరాలలో యాత్రికులను ఆకర్షిస్తున్నది.

అడవి చెప్పే పాఠం

కూచింగ్ నుండి సంతుబోంగ్ వైపు సాగుతుండగా దూరాన కనిపించే పర్వతం వెల్లకిలా పడుకున్న స్త్రీ ఆకృతిలో ఉంటుందని స్థానికులు చెబుతారు. ఇద్దరు రాకుమార్తెలు అసూయతో కలహించుకొని చివరకు కొండలుగా మారిపోయారన్నది అక్కడి జానపద గాథ. కథ కల్పితమే. కాని హసద్ మనిషిని రాయిగా మార్చివేస్తుందన్న నీతిని పిల్లలకు చెప్పడానికి పనికొస్తుంది.

2007లో ఈ పర్వతాన్ని, దాని అడవులను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. శిఖరానికి వెళ్లే దారి నిటారుగా ఉంటుంది. కొన్నిచోట్ల తాళ్లు పట్టుకొని, తాళ్ల నిచ్చెనలు ఎక్కి పోవాలి. రాకపోకలకు దాదాపు ఒక పగలంతా పడుతుంది. దేహదారుఢ్యం గల యువకులకే అది తగినది. చిన్నపిల్లలున్న కుటుంబాలకు దిగువన సెలయేళ్ల వెంట సాగే చిన్న కాలిబాటలు చాలు.

ఆ బాటపై నాలుగడుగులు వేయగానే ఎండ మాయమవుతుంది. చెట్ల కొమ్మలు పైన కమ్ముకొని పందిరి వేస్తాయి. భారీ వృక్షాల మొదళ్లు గోడలవలె నేలపైకి పొడుచుకువచ్చి ఉంటాయి. ఇంతటి పచ్చదనం చూసి ఆ నేల ఎంతో సారవంతమైనదని అనుకుంటాం. వాస్తవం అందుకు విరుద్ధం. ఉష్ణమండల వర్షారణ్యాలలో మట్టి చాలాచోట్ల నిస్సారమైనది. సారమంతా చెట్లలోనే, రాలిన ఆకులలోనే ఉంటుంది. రాలిన ఆకు ఆ వేడికి, తేమకు త్వరగా కుళ్లి, మట్టిలో ఇంకిపోకముందే వేళ్ల ద్వారా మళ్లీ చెట్టులోకి చేరుతుంది. చెట్లను నరికివేస్తే కొద్ది వర్షాలకే మిగిలిన సారమూ కొట్టుకుపోతుంది. తరతరాలుగా నిలిచిన సంపద ఒక్క గొడ్డలితో బీడుగా మారుతుంది.

ఈ రాష్ట్రానికి చిహ్నమైన పక్షి హార్న్‌బిల్. పెద్ద ముక్కు, దానిపై కొమ్మువంటి కట్టడం దాని గుర్తు. గుడ్లు పెట్టే వేళ ఆడపక్షి ముసలి చెట్టు తొర్రలో ప్రవేశించి, తొర్ర ద్వారాన్ని మూసివేసుకొని, సన్నని చీలికను మాత్రమే మిగుల్చుకుంటుంది. పిల్లలు ఎదిగే వరకు వారాల తరబడి మగపక్షి పండ్లు తెచ్చి ఆ చీలిక గుండా అందిస్తుంది. బయట తిరిగే ఆ ఒక్క ప్రాణికి ఆపద వస్తే లోపలి కుటుంబమంతా ఆకలితో అలమటించవలసిందే. కుటుంబ పోషణ భారాన్ని మోసే ప్రతి తండ్రీ తన పిల్లలతో కలిసి తెలుసుకోదగిన ఉదాహరణ ఇది. ఆ పక్షికి కావలసినది పెద్ద తొర్ర. పెద్ద తొర్ర పెద్ద చెట్టుకే ఉంటుంది. నూరేళ్ల చెట్టును నరికి పది మొక్కలు నాటినా, ఆ పక్షికి ఇల్లు దొరకదు.

ఈ కొండ పాదాల వద్దనే, నదీముఖాన ఉన్న ఒక చిన్న ఇంట్లో, 1855 వర్షాకాలంలో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దాదాపు ఒంటరిగా గడిపి, జీవజాతుల గురించి తన ప్రసిద్ధ వ్యాసం ఒకటి రాశాడు. ఆయన నిర్ధారణలను విశ్వాసులు ఎలా స్వీకరిస్తారన్నది వేరే చర్చ. సీతాకోకచిలుకలను, పురుగులను సైతం ఏళ్ల తరబడి ఓపికగా పరిశీలించిన ఆ శ్రద్ధ మాత్రం ఆలోచింపజేస్తుంది. సృష్టిని పరిశీలించమన్న ఆదేశం అందిన సముదాయం ఆ శ్రద్ధను ఇతరులకే వదిలివేయరాదు కదా!

మడ అడవిలో సాయంత్రం

కొండకు దిగువన, నదులు సముద్రంలో కలిసే చోట దృశ్యం మారిపోతుంది. ఉప్పునీటిలో నిలబడి, బురదలోంచి శ్వాసవేళ్లను పైకి పంపే మడ చెట్లు కనిపిస్తాయి. ఈ ప్రాంతంలోని కూచింగ్ చిత్తడి నేలల జాతీయ ఉద్యానవనాన్ని 2005లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ ప్రదేశంగా గుర్తించారు. సాయంత్రం పూట పడవలో దాని పాయలలో విహరించడం సంతుబోంగ్ యాత్రలో మరపురాని భాగం.

అక్కడి చెట్ల కొమ్మలపై కనిపించే పొడవు ముక్కు కోతులు బోర్నియో ద్వీపంలో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా జీవించవు. మగకోతి ముక్కు నోటిని దాటి వేలాడుతుంది. కాలివేళ్ల నడుమ చర్మం ఉండడం వలన అవి చక్కగా ఈదగలవు. వాటి పొట్ట పశువుల పొట్టవలె అనేక గదులతో కూడి, గట్టి ఆకులను, కాయలను పులియబెట్టి జీర్ణం చేసుకుంటుంది. మా పడవలో ఒకాయన, "అరటిపండ్లు తెస్తే అవి దగ్గరకు రావా?" అని అడిగారు. పడవ నడిపే వృద్ధుడు నవ్వి, తల అడ్డంగా ఊపి, తన పొట్టను చేత్తో చూపించాడు. తియ్యని పండు ఆ కడుపులో పడితే అతిగా పులిసి, పొట్ట ఉబ్బి, ప్రాణం మీదికి వస్తుంది. మనం దయ అనుకునేది కూడా జ్ఞానం తోడు లేకపోతే హింసగా మారుతుందని ఆయన ఒక్క సైగతో బోధించాడు.

మరికొంత దూరం పోయాక ఆయన ఇంజన్ ఆపివేశాడు. ముక్కు పొడుచుకురాని గుండ్రని తలతో, బూడిద రంగు వీపుతో ఐరావతి డాల్ఫిన్ ఒకటి నీటిపైకి వచ్చి, ఊపిరి వదిలి, మళ్లీ మునిగిపోయింది. పిల్లలు కేక వేయబోయి తమంతట తామే ఆగిపోయారు. ఒడిశాలోని చిలికా సరస్సులో జీవించే డాల్ఫిన్లూ ఈ జాతివే. వలలలో చిక్కుకొని, ఊపిరి అందక మరణించడం వీటికి ముంచుకొచ్చిన పెద్ద ముప్పు. నీటిలో ఉన్నా అవి పీల్చేది గాలినే కదా!

చీకటి పడ్డాక కొన్ని చెట్లపై మిణుగురులు గుంపులుగా వెలుగుతాయి. ఈ విహారం సాధారణంగా సాయంత్రం మొదలై చీకటి పడ్డాక ముగుస్తుంది గనుక మగ్రిబ్ వేళ నీటిపైనే గడిచిపోయే అవకాశం ఉంది. పడవ మాట్లాడుకునేటప్పుడే ఆ సంగతి చెప్పాలి. వుజూ చేసుకొని ఎక్కాలి. పడవలో నిలబడి నమాజ్ చేయగలిగితే సరే, లేకుంటే కూర్చొని చేయడానికీ ధర్మంలో వెసులుబాటు ఉంది. పడవవారు అక్కడి ముస్లింలే అయితే ఈ అవసరాన్ని వివరించవలసిన పని కూడా ఉండదు.

తీరం, హయా, ఆనందం

సముద్ర తీరం అనగానే మన ఇళ్లలో చాలామంది తల్లులు, ఆడపిల్లలు వెనుకంజ వేస్తారు. అర్ధనగ్న వేషాలు, సంగీత ఘోష, మద్యం ఉన్న చోట మనకేమి పని అన్న సంకోచం సహజమే. ఫలితంగా మగపిల్లలు అలలలో ఆడుతుంటే ఆడపిల్లలు ఒడ్డున సంచులకు కాపలా కాస్తారు. దమాయ్ తీరంలో విదేశీ యాత్రికుల విడిదులు ఉన్న మాట నిజమే. కాని సామాన్య కుటుంబాలు వచ్చే తీరభాగంలో మరో దృశ్యం కనిపిస్తుంది. మలయ్ స్త్రీలు తల నుండి పాదాల వరకు కప్పే ఈత దుస్తులు ధరించి, పిల్లలతో కలిసి నీటిలో ఆడుకుంటారు. నానమ్మలు చాపలు పరచి ఇంటి నుండి తెచ్చిన అన్నం పొట్లాలు విప్పుతారు. అసర్ వేళకు ఒక్కొక్కరే లేచి, సురావ్ అని పిలిచే నమాజ్ గదికి వెళ్లి వస్తారు. హయాకూ ఆనందానికీ వైరం లేదనీ, ఉన్నదల్లా మనం సిద్ధపడకపోవడమేననీ ఆ దృశ్యం చెబుతుంది. తగిన వస్త్రాలు, తగిన వేళ, తగిన చోటు చూసుకుంటే ఆడపిల్లకు కూడా అల్లాహ్ సృష్టించిన సముద్రంలో తన వంతు లభిస్తుంది.

తీరాన్ని గురించి కొన్ని జాగ్రత్తలు. నదులు మోసుకొచ్చే ఒండ్రు వలన ఇక్కడి నీరు చిత్రపటాలలోవలె నీలంగా కాక మట్టి రంగులో ఉండవచ్చు. నదీముఖాలలో మొసళ్లు ఉంటాయి. హెచ్చరిక పలకలు ఉన్న చోట నీటిలో అడుగుపెట్టరాదు. జెల్లీచేపలు కనిపించే రోజులలో పిల్లలను దూరంగా ఉంచాలి. సాయంవేళ కుట్టే సన్నని ఇసుక ఈగలకు నూనె గాని, లేపనం గాని వెంట ఉండాలి.

అక్కడి ముస్లింలు షాఫయీ మార్గానుసారులు. అసర్ అజాన్ హనఫీ లెక్క కంటే ముందే వినిపిస్తుంది. ఫజ్ర్‌లో ఖునూత్ చదువుతారు. స్త్రీలు తెల్లని పొడవైన నమాజ్ వస్త్రాలు ధరించి మసీదుకు వస్తారు. ప్రయాణంలో రెండు పూటల నమాజులను కలిపి చేసుకోవడం వారిలో సాధారణం. మన ఇళ్లలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మార్గంలో ఖస్ర్ ఉన్నది గాని, అలా కలపడం లేదు. ఈ భేదాలను చూసి పిల్లలు ప్రశ్నలు వేస్తారు. ఖిబ్లా ఒకటే, సజ్దా ఒకటే, ఇమాముల పరిశోధనలలోని విశాలత ఇది అని చెప్పడానికి అంతకు మించిన తరగతి గది దొరకదు. భూమధ్యరేఖకు అతి సమీపం గనుక నమాజ్ వేళలు ఏడాది పొడవునా పెద్దగా మారవు. రమజాన్ ఏ కాలంలో వచ్చినా ఉపవాసం పదమూడు గంటల పైచిలుకే.

పల్లె వాకిట, పళ్లెంలో

ద్వీపకల్పపు తూర్పు వైపున బుంతాల్ అనే పల్లె ఉంది. నీటిపై కర్రల మీద నిలిపిన భోజనశాలలకు అది ప్రసిద్ధి. పోటు తగ్గిన వేళ ఆ బురదనేలలో స్త్రీలు, పురుషులు అంబాల్ అనే సన్నని పొడవాటి ఆల్చిప్పలను ఏరుకుంటారు. షాఫయీ మార్గంలో సముద్రజీవులు సాధారణంగా హలాల్. హనఫీలకు చేపలు మాత్రమే. అందుచేత మన పళ్లెంలో చేప, వారి పళ్లెంలో అంబాల్. ఇద్దరూ బిస్మిల్లాహ్ అనే మొదలుపెడతారు. మిదిన్ అనే అడవి ఫెర్న్ మొక్క లేత కాడల వేపుడు ఇద్దరికీ ఇష్టమే. కూచింగ్‌లో చైనా సంతతివారు గణనీయంగా ఉన్నందున నగరంలో తినేటప్పుడు హలాల్ ముద్ర చూసుకోవడం తప్పనిసరి.

అక్కడ దొరికే గులా అపోంగ్ అనే బెల్లం మన తాటిబెల్లాన్ని తలపిస్తుంది. మడ అడవిలో పెరిగే నీపా అనే తాటిజాతి చెట్టు రసాన్ని కాచి దానిని తయారుచేస్తారు. ఇక్కడే ఈ ద్వీపకల్పపు అసలు రహస్యం బోధపడుతుంది. కొండమీది అడవి వాననీటిని పట్టి ఉంచి, కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ తీపినీరు ఉప్పునీటితో కలిసిన చోటే మడ అడవి పెరుగుతుంది. మడ వేళ్ల నడుమ చేపపిల్లలు, రొయ్యపిల్లలు దాగి ఎదుగుతాయి. అవి పెరిగి సముద్రంలోకి పోతే మత్స్యకారుడి వల నిండుతుంది, డాల్ఫిన్ ఆకలి తీరుతుంది. పళ్లెంలోని చేపకూ, శిఖరం మీది చెట్టుకూ తెగని బంధం ఉంది. ఒక్క ముడి విప్పితే మాల మొత్తం జారిపోతుంది. సృష్టిలో అల్లాహ్ నెలకొల్పిన సమతూకాన్ని, మీజాన్‌ను, ఇంత స్పష్టంగా చూపే చోటు అరుదు.

పల్లెకు సమీపంలో సుల్తాన్ తెంగా సమాధి ఉంది. బ్రూనై రాజవంశీకుడైన ఆయన సరవాక్‌కు తొలి సుల్తాను, తుది సుల్తాను కూడా. 1641లో ఇక్కడే తన అనుచరుడి చేతిలో హతుడయ్యారని చరిత్ర చెబుతుంది. సమాధి వద్ద సలాం పలికి, మృతుల కొరకు దుఆ చేసి, తన మరణాన్ని తలచుకొని మరలడమే సున్నత్. రాజ్యం ఒక్క తరంతో ముగిసింది. ఆయన చూసిన కొండ, ఆయన చూసిన నది ఇంకా ఉన్నాయి. మనం ఏలుతున్నామనుకునే దానికి మనం కేవలం కాపలాదారులమని ఆ నిశ్శబ్ద స్థలం గుర్తుచేస్తుంది.

చూసినవారి బాధ్యత

సంతుబోంగ్‌కు ఎదురుగా ఉన్న సతాంగ్ దీవులకు పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒకప్పుడు ఆ గుడ్లు అంగడి సరుకు. నేడు సరవాక్ చట్టం సముద్ర తాబేళ్లను పూర్తి రక్షణ గల జీవులుగా ప్రకటించింది. తినే అలవాటు ఉన్న ప్రజలే దానిని వదులుకోవలసి వచ్చింది. ధర్మసమ్మతమైన అనుభవానికి సైతం హద్దు ఉంటుంది. రేపటి తరానికి మిగలకుండా అనుభవించడం ఇస్రాఫ్.

ఈ చింతన మనకు కొత్తది కాదు. దైవప్రవక్త (సఅసం) మదీనా పరిసరాలను హరమ్‌గా ప్రకటించి, అక్కడ చెట్లు నరకడాన్ని, వేటాడడాన్ని నిషేధించారు. దప్పికగొన్న కుక్కకు నీరు పట్టిన వ్యక్తికి క్షమాపణ లభించిన సంగతిని తమ అనుచరులకు తెలిపారు. పారే నది ఒడ్డున వుజూ చేసేటప్పుడు కూడా నీటిని వృథా చేయరాదని బోధించారు. ఉద్యానవనాలు, చట్టాలు లేని కాలంలోనే ముస్లిం సముదాయానికి అందిన అమానతు ఇది.

కాబట్టి అంత దూరం వెళ్లి డాల్ఫిన్‌ను చూసి మురిసి, తిరిగివచ్చి మన తీరాన ప్లాస్టిక్ సంచులు పారవేస్తే ఆ యాత్ర వ్యర్థమే. మనకు కాకినాడ సమీపాన, గోదావరి ముఖద్వారంలో కోరింగ మడ అడవులు ఉన్నాయి. సంతుబోంగ్‌లో చూసిన శ్వాసవేళ్లే అక్కడా బురదలోంచి తొంగిచూస్తాయి. ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆంధ్ర తీరానికీ గుడ్లు పెట్టడానికి వస్తాయి. బోర్నియోకు వెళ్లే స్తోమత అందరికీ ఉండదు, ఉండవలసిన అవసరమూ లేదు. అప్పు చేసి విహారయాత్రలు చేయడం ఏ విధంగానూ శ్లాఘనీయం కాదు. ఒక సెలవురోజు పిల్లలను కోరింగకు తీసుకువెళ్లి, మడ చెట్టు చేపకు ఊయల ఎలా అవుతుందో చూపించినా అదే పాఠం అందుతుంది.

వెళ్లగలిగినవారు సంతుబోంగ్ వెళ్లినప్పుడు కొన్నింటిని నియమంగా పెట్టుకోవాలి. పెద్ద సంస్థల కంటే పల్లె పడవవారికి, పల్లె వంటిళ్లకు మన డబ్బు చేరేలా చూడాలి. జంతువులకు ఆహారం వేయరాదు. అడవి నుండి ఆకును, తీరం నుండి గవ్వను తీసుకురారాదు. తెచ్చిన చెత్తను తిరిగి తీసుకుపోవాలి. వుజూకు కావలసినంత నీరే వాడాలి. ఇంటికి వచ్చాక పిల్లలను ఏమి కొన్నావని కాక, ఏమి చూశావని, చూసినదాని పట్ల నీ కర్తవ్యమేమిటని అడగాలి.

కొండ, అడవి, నది, కడలి, తమలో నివసించే సకల ప్రాణులతో సహా, తమ ప్రభువును కొనియాడుతూనే ఉంటాయి. ఆ స్తుతిని మన నిర్లక్ష్యంతో ఆపకుండా, మన కృతజ్ఞతతో కలిసి పలికే భాగ్యాన్ని అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.